ఇంటి తనిఖీలో ఏసీ, ఫర్నేసు "పనిచేస్తున్నవి" అని రాస్తే సరిపోతుందా?

కొనబోయే ఇంటి తనిఖీ నివేదికలో ఏసీ, చలికాలంలో ఇంటిని వేడి చేసే గ్యాస్ ఫర్నేసు రెండింటి పక్కనా "పనిచేస్తున్నవి" అని మాత్రమే ఉందని, దానిని నమ్మి ముందుకు వెళ్లవచ్చునా అని మీరు అడిగారు. నా అనుభవంలో ఆ ఒక్క మాట చాలదు. యంత్రం నడవడం వేరు, దానిని సరిగ్గా బిగించి ఉండడం వేరు.

మేము ఇల్లు కొన్నది చలికాలంలో. బయట బాగా చలిగా ఉన్నప్పుడు ఏసీ నడిపితే కంప్రెసర్ దెబ్బతినవచ్చునని తనిఖీదారు దానిని ఆన్ చేయలేదు. అది సబబే కానీ, ఆ సంగతి నివేదిక చివర ఎక్కడో ఉండడంతో మా కంట పడలేదు. వేసవిలో ఏసీ వాడకం మొదలైన మూడో వారానికి పడకగది సీలింగుపై అరచేయంత పసుపు మరక తేలింది. సీలింగు పైన ఉన్న ఏసీ యూనిట్ దగ్గరికి ఎక్కి చూస్తే, గాలిని చల్లబరిచే కాయిల్ మీద పట్టిన నీటిని బయటికి తీసుకుపోవలసిన పైపు మధ్యలో కుంగి, వాలు తిరగబడి ఉంది. పొంగిన నీటిని పట్టడానికి కింద పెట్టిన ట్రేలో ఒకదానిపై ఒకటిగా తుప్పు గీతలున్నాయి, అంటే అక్కడ నీరు నిలవడం అదే మొదటిసారి కాదన్న మాట. టార్చి వేసి ఆ ట్రేలోకి ఒక్కసారి చూసి ఉంటే, ఏసీ వేయకుండానే చలికాలంలోనే తెలిసిపోయేది. ఆ పైపుకు మీటరుకు కనీసం 1 సెంటీమీటరు వాలు ఉండాలి.

ఏసీ నడపగలిగే వాతావరణమైతే, 15 నిమిషాల తరువాత లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా కొలిపించండి. మామూలుగా అది 8 నుంచి 11 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువైతే కాస్త తగ్గుతుంది. బయటి యూనిట్ నేమ్‌ప్లేటుపై ఆర్-22 (ఏసీలో చల్లదనానికి వాడే ఒక గ్యాసు) అని ఉంటే అది పాతదని అర్థం. ఓజోన్ పొరకు హాని చేసే ఆ గ్యాసును 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద అంచెలంచెలుగా తొలగిస్తున్నారు కనుక, పెద్ద లీకేజీ వస్తే మరమ్మతు కంటే కొత్తది కొనుక్కోవడమే నయం.

ఏసీ లోపం డబ్బుతో పోతుంది, ఫర్నేసు లోపం ప్రాణాల మీదికి తెస్తుంది. పొగగొట్టం అతుకుల దగ్గర మసి గానీ తుప్పు గానీ ఉంటే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుండవచ్చు. మంట నీలంగా, నిలకడగా ఉండాలి; వేడి గాలిని ఇంట్లోకి తోసే ఫ్యాను (బ్లోయరు) తిరగడం మొదలవగానే అది ఊగిసలాడితే లోపలి హీట్ ఎక్స్‌ఛేంజరు, అంటే పొగను కలవనీయకుండా మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం, పగిలిందేమోనని అనుమానించాలి. మామూలు ఇంటి తనిఖీలో దానిని విప్పి చూడరు. అందుకని ఫర్నేసు మెకానిక్కును విడిగా పిలిపించి, ఆయన చూసింది రాతపూర్వకంగా చేతికి వచ్చాకే సంతకం పెట్టండి.