పొయ్యి దగ్గర పడిపోయిన ట్యాబీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ఇంగ్లండులోని హావర్త్ ఊరు, పాస్టరైన తండ్రిగారి ఇల్లు, కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తున్న నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీ, బయట వాన. ఏడు పేజీలూ ఆవిడ అలా నిలబడే ఉంది. ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారమ్మా?

తమ్ముడు బ్రాన్‌వెల్ 1848 సెప్టెంబర్ 24న పోయాడు. చెల్లెలు ఎమిలీ డిసెంబర్ 19న, చిన్న చెల్లెలు యాన్ మరుసటేడు మే 28న. ఎనిమిది నెలల్లో ముగ్గురు. తేదీలు నువ్వూ సరిగ్గానే వేశావు. కానీ తేదీలు చదివి ఎవరికీ గుండె బరువెక్కదు.

యాన్ పోయిన నాలుగు నెలలకి షార్లెట్ ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరం ఉంది, అది చూడు. పనమ్మాయి మార్తాకి జబ్బు చేసి మంచం పట్టింది. ముసలి పనిమనిషి ట్యాబీకి కుంటికాలు మళ్లీ తిరగబెట్టింది. ఒకరోజు కుర్చీలోంచి లేవబోయి కింద పడింది. షార్లెట్ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చేసరికి ఆ ముసలావిడ తల పొయ్యి కడ్డీల కింద ఉంది. అటు తండ్రేమో మార్తా ప్రాణానికే ముప్పని అప్పుడే చెప్పి కూర్చున్నాడు. షార్లెట్‌కి తలనొప్పి, వికారం. ఏంచేయాలో తోచక కూలబడి పది నిమిషాలు ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో ఆవిడే రాసుకుంది చూడు, పది నిమిషాలని! అదే ఉత్తరంలో, తను పంపిన నవల ప్రచురణకర్తలకి బాగా నచ్చిందని కూడా ఉంది.

ఆ ఏడుపు ట్యాబీ కోసమేనంటావా? ఎమిలీ ఉంటే ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేవదీసేవాళ్లు కదా. ఈ మాట మాత్రం కథలో రాయకు. ట్యాబీని నేల మీద చూపించు, షార్లెట్‌ని ఒక్కదాన్నే లోపలికి రానివ్వు, చాలు.

ఎమిలీ చివరి రోజు కోసం అక్క డిసెంబర్ చలిలో హెదర్ పువ్వుల రెమ్మ వెతికి తెచ్చిన ఘట్టం నీ కథలో ఉంది. నిజమే, జరిగింది. కానీ అందరూ అదే రాస్తారు. ఆ రోజు పొద్దున ఎమిలీ తనంతట తానే లేచి, మధ్యమధ్య ఆగుతూ బట్టలు వేసుకుని, కుట్టుపని చేతిలోకి తీసుకోబోయింది. నేనైతే ఆ సూది దగ్గర ఆగుతాను.

ఇంకోటి. రాత్రి తొమ్మిదింటికి తండ్రి పడుకున్నాక అక్కచెల్లెళ్లు ముగ్గురూ భోజనాల గదిలో టేబుల్ చుట్టూ తిరుగుతూ కథల గురించి మాట్లాడుకునేవాళ్లు. తర్వాత షార్లెట్ ఒక్కతే తిరిగేది. పనివాళ్లకి ఆ అడుగుల చప్పుడు వినిపించేది. యాన్ పోయిన సముద్రతీరపు ఊరు స్కార్‌బరో నుంచి ఆవిడ ఒక్కతే ఇల్లు చేరిన రోజు కుక్కలు సంబరంతో ఎగిరాయట, మిగతావాళ్లూ వెనకే వస్తున్నారనుకుని.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. అన్నయ్య పోయిన మూడోరోజు గ్యాస్ సిలిండర్ వచ్చింది. కనెక్షన్ ఆయన పేరు మీదే. కుర్రాడు గుమ్మంలో నిలబడి బుక్కు అడుగుతున్నాడు. బీరువా అంతా గాలించి విసుగొచ్చి, "అన్నయ్యా, గ్యాస్ బుక్కెక్కడ పెట్టావు?" అని కేకేయబోయాను. శ్మశానంలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. వదిన వచ్చి టీవీ కింద నుంచి బుక్కు తీసిచ్చింది.

నీ కథలో వాన తీసెయ్. శీతాకాలం కూడా తీసెయ్, సెప్టెంబర్ చాలు. వంటింట్లో మొదలుపెట్టు.

ముగింపు ఎలాగా అని అడిగావు. తండ్రికి మరో అంత్యక్రియ చూసే కష్టం లేకుండా యాన్‌ని స్కార్‌బరోలోనే ఖననం చేశారు. 1852లో షార్లెట్ అక్కడికి వెళ్లి చూస్తే సమాధి రాయి మీద అయిదు తప్పులున్నాయి. మళ్లీ చెక్కించింది. అయినా వయసు మాత్రం 29 బదులు 28 అనే ఉండిపోయింది. చెల్లెలి రాయి ముందు నిలబడి అచ్చుతప్పులు లెక్కపెడుతున్న రచయిత్రి. ఆ పేజీ ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.