మీటింగు కాదు, స్పెక్ట్రోమీటర్ వాళ్ల చేతికివ్వండి

"మా ఊరి అమ్మాయిలు సైన్స్‌లో నిలబడేలా మెంటరింగ్ (వెంట ఉండి దారి చూపడం) మొదలుపెడదామనుకుంటున్నాం, అది నిజంగా పనిచేస్తుందా" అని మీరు అడిగారు. పనిచేస్తుంది. నేను ఇంతదాకా వచ్చింది దానివల్లే.

బీఎస్సీ ఫిజిక్స్ ల్యాబ్‌లో మా బ్యాచ్‌కి ముగ్గురు అబ్బాయిలు, నేను. "నీ రైటింగ్ బాగుంటుంది, రీడింగులు నువ్వు రాయి" అనేవాళ్లు. ఏడాదంతా రాశాను, రికార్డుకి మార్కులూ బాగానే వచ్చాయి, కాంతి ఎంత వంగిందో కొలిచే స్పెక్ట్రోమీటర్‌ని మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు. మరుసటి ఏడాది వచ్చిన మేడమ్ అది గమనించి, ఒక సాయంత్రం నన్ను ఆపి, సోడియం దీపం వెలిగించి, "ఈసారి నువ్వు చెయ్యి" అని పక్కన కూర్చున్నారు. ప్రిజం పెట్టిన బల్లని మెల్లగా తిప్పుతుంటే టెలిస్కోప్‌లో పసుపు గీత ఒక పక్కకే జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగి, వెనక్కి మళ్లింది. కాంతి అన్నిటికన్నా తక్కువ వంగే ఆ చోటుని కనిష్ఠ విచలనం అని పరీక్షలో రాయడమే తప్ప కంటితో చూడటం అదే మొదటిసారి. ఎమ్మెస్సీ చదవాలని ఆ రోజే అనుకున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే నాన్నతో మాట్లాడి రెండేళ్లు ఆపించింది కూడా ఆవిడే.

1933లో, తర్వాత జీవరసాయన శాస్త్రవేత్త అయిన కమలా సొహొనీ బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీలో సీటు అడిగితే ఆడపిల్ల అని అప్పటి డైరెక్టర్ సి.వి. రామన్ ముందు కాదన్నారు. ఆమె పట్టుబట్టి చేరాక అక్కడి అధ్యాపకుడు శ్రీనివాసయ్య గారు దగ్గరుండి పని నేర్పారు, 1939లో ఆమె కేంబ్రిడ్జ్ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకుంది. కాదనేవాళ్లు ఉన్నచోట నేర్పే మనిషి ఒక్కరున్నా ఎంత తేడా!

ఇప్పుడు నేను ఆదివారాలు ఒక గురుకులానికి వెళ్తుంటాను, ఎక్కువమంది దళిత, గిరిజన పిల్లలే. వాళ్లకి తెలివి తక్కువై కాదు, చెప్పేవాళ్లు లేక ఆగిపోతున్నారు. సైన్స్ డిగ్రీ చదివించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐసర్ తిరుపతిలోనే ఉందనీ, దానికి ఐఏటీ అనే పరీక్ష రాయాలనీ, ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకి అదనపు సీట్లు ఇస్తున్నారనీ, ఇంటర్‌లో బోర్డు టాప్ 1 శాతంలో ఉండి బీఎస్సీలో చేరితే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేసుకోవచ్చనీ నేను చెప్పేదాకా అక్కడ ఎంపీసీ చదివే పిల్లలకే తెలియదు. చెప్పి వదిలేస్తే సరిపోదు, కుల ధ్రువీకరణ పత్రం దగ్గర్నుంచి ఫీజు చివరి తేదీ వరకు వెంటపడాలి.

కాబట్టి ఐదారుగురితోనే మొదలుపెట్టండి, కానీ మూడేళ్లు వదలకండి. గలగలా మాట్లాడే పిల్లల్నే ఎంచుకోకండి, వెనక బెంచీలో తలదించుకుని కూర్చునే అమ్మాయినీ పిలవండి. వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడండి. కాలేజీలో చేరాక మొదటి సెమిస్టర్‌లో వారం వారం ఫోన్ చెయ్యండి, ఇంగ్లిష్ పాఠాలు అర్థం కాక టెన్షన్‌తో వచ్చేస్తానని ఏడ్చేది అప్పుడే. ఇక ప్రయోగాలు చేయించేటప్పుడు రీడింగులు రాసే పని వంతులవారీగా మార్చండి.