సంగీత సందేహాలు: అంత వేగంలో వినేదేమిటి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ‘డ్రమ్ అండ్ బాస్’ అనే సంగీతాన్ని ఫోన్‌లో వినిపిస్తాడు. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన నాకు అది డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టే ఉంటోంది. కొత్తగా వినేవారిని కూడా అది అంతగా ఆకట్టుకుంటుందంటాడు. అందులో ఏముంది? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా ఆ ఫోన్‌ను పక్కన పెట్టి, మంచి ఇయర్‌ఫోన్లు గానీ పెద్ద స్పీకర్లు గానీ తెప్పించుకోండి. ఈ సంగీతంలోని బాస్ నాదం, అంటే అడుగున మోగే మంద్రధ్వని, చాలాచోట్ల 40 నుంచి 60 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఫోన్‌లోని చిన్న స్పీకరు దాన్ని పలికించజాలదు. అంటే మీరు ఇన్నాళ్లూ విన్నది సగం పాటే. ఆ సగం మటుకు గులకరాళ్ల మోతలాగే ఉంటుందనడంలో మీ తప్పేమీ లేదు.

దీని వేగం సాధారణంగా నిమిషానికి 170 నుంచి 175 దెబ్బలు. అయితే డ్రమ్స్ ఆ వేగంతో పరుగెత్తుతుంటే, కింద బాస్ తరచుగా అందులో సగం వేగంతో, నింపాదిగా నడుస్తుంది. గాయకుడు చౌకకాలంలో కృతి పాడుతుండగా మృదంగ విద్వాంసుడు అదే తాళంలో ద్రుతకాలపు సొల్లుకట్లు (వేగంగా సాగే మృదంగపు జతులు) నింపడం మీకు అలవాటే కనుక, ఈ రెండు నడకల పొత్తు మీకు కొత్తేమీ కాదు. కొత్తగా వినేవారు చాలామంది డ్రమ్స్ వెంట పరుగెత్తి అలసిపోతారు. చెవిని బాస్‌కు అప్పగిస్తే పైనున్న వేగం భారమనిపించదు. నన్నడిగితే ఈ సంగీతంలోని ఆకర్షణంతా ఇక్కడే ఉంది.

ఒకసారి చేత్తో నాలుగు లెక్కపెడుతూ వినండి. ఒకటి మీద కాలితో మోగించే బరువైన కిక్ డ్రమ్, రెండు మీద చురుగ్గా మోగే స్నేర్ డ్రమ్ పడతాయి. మూడు ఖాళీగా పోతుంది. మూడుకూ నాలుగుకూ నడుమ మళ్లీ కిక్, నాలుగు మీద స్నేర్. మూడో లెక్కకు రావలసిన దెబ్బ అర లెక్క ఆలస్యంగా రావడం వల్లనే ఒళ్లు ముందుకు తూగినట్టవుతుంది. పోలిక పూర్తిగా అతకదు గానీ, తాళం మొదలయ్యాక పాట అందుకునే అనాగత ఎత్తుగడ రుచి ఎరిగిన మీకు ఈ ఆలస్యంలోని అందం ఇట్టే పట్టుబడుతుంది.

ఈ డ్రమ్స్‌కు ఒక మూలకథ ఉంది. 1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం చేసిన ‘అమెన్, బ్రదర్’ అనే పాటలో గ్రెగరీ కోల్మన్ ఒంటరిగా వాయించిన సుమారు 7 సెకన్ల డ్రమ్స్ ముక్కను 1990ల తొలినాళ్లలో బ్రిటన్ యువకులు శాంప్లర్ యంత్రాల్లోకి (రికార్డయిన ధ్వని ముక్కలను దాచుకొని తిరిగి వాడుకునే యంత్రాలు) ఎక్కించుకొని, వేగం పెంచి, దెబ్బదెబ్బగా కోసి, వరస మార్చి పేర్చారు. జమైకా నుంచి వలస వచ్చినవారి సౌండ్ సిస్టమ్‌ల (వీధి విందుల్లో పాటలు మోగించే భారీ స్పీకర్ల బృందాలు) లోతైన బాస్ దానికి తోడయి మొదట జంగిల్ అనే శైలి, పిమ్మట డ్రమ్ అండ్ బాస్ ఏర్పడ్డాయి. ఆ 7 సెకన్ల మీద వందలాది పాటలు నిలబడినా కోల్మన్‌కు రాయల్టీగా ఏమీ దక్కలేదు; 2006లో పేదరికంలోనే కన్నుమూశాడు.

ఎల్‌టీజే బుకెమ్ అనే బ్రిటన్ సంగీతకారుడు చేసిన ‘హొరైజన్స్’ పాటతో మొదలుపెట్టండి, అందులో డ్రమ్స్ మీద స్వరాలు తీరుబడిగా పరచుకుంటాయి. తరువాత మీ అబ్బాయి ఉంటున్న బ్రిస్టల్‌కే చెందిన రోనీ సైజ్, రెప్రజెంట్ బృందం చేసిన ‘న్యూ ఫామ్స్’ వినండి. బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్‌ను 1997లో గెలిచిన ఆల్బమ్ అది. మూడోది తబలా విద్వాంసుడు తల్వీన్ సింగ్ ఆల్బమ్ ‘ఓకే’. 1999లో అదే బహుమతి దానికి వచ్చింది. తబలా చేతివేళ్ల పలుకూ యంత్రం కోసిన దెబ్బా పక్కపక్కనే వినిపించే ఆ ఆల్బమ్ మీకు అన్నిటికన్నా దగ్గరగా తోస్తుందని నా అంచనా. మీ అబ్బాయి వినిపించేది న్యూరోఫంక్ అనే కరకు రకమైతే మాత్రం, ఈ మూడూ వినేదాకా దాన్ని ఆపమని చెప్పండి.