బాబును ఈఈజీకి తీసుకెళ్లే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాబు క్లాసులో కుదురుగా ఉండటం లేదనీ, మెదడు తరంగాల పరీక్ష, అదే ఈఈజీ, చేయిస్తే ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవక, కుదురు లేకపోయే సమస్య) ఉందో లేదో తేలిపోతుందని ఎవరో చెప్పారనీ రాశావు. ముప్పై ఏళ్లు ఈఈజీ గదిలో పిల్లల తలలకు తీగలు అంటించాను కాబట్టి ముందే చెబుతున్నా, ఆ ఒక్క పరీక్షతో తేలదు. వద్దని కాదు, దానికంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి.

ముందుగా భయం వదిలెయ్. సూది ఉండదు, తలలోకి కరెంటు పంపరు. మెదడులో పుట్టే సన్నని విద్యుత్తును పైనుంచి నమోదు చేసుకుంటారంతే. అందులో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు ఊగే నెమ్మది అల థీటా, పదమూడుకు పైబడి కదిలేది బీటా. ఏడీహెచ్‌డీ ఉన్న కొందరు పిల్లల్లో బీటాతో పోలిస్తే థీటా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ నిష్పత్తిని పదిహేను, ఇరవై నిమిషాల్లో లెక్కకట్టే 'నెబా' అనే పరికరానికి అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2013లో అనుమతిచ్చింది, 6 నుంచి 17 ఏళ్ల వాళ్లకి. అయితే డాక్టరు చేసే పూర్తి పరీక్షకు తోడుగా మాత్రమే వాడాలి. 2016లో అక్కడి నరాల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ కూడా, మామూలు పరీక్షకు బదులుగా దీన్ని వాడొద్దని గట్టిగానే చెప్పింది. లేని పిల్లాడికి ఉందని ముద్ర పడితే ఎంత నష్టమో ఆలోచించు.

ఒకసారి ఎనిమిదేళ్ల పాప వచ్చింది. కాగితం నిండా నెమ్మది అలలే. తల్లిని అడిగితే, రాత్రంతా బస్సులో కూర్చునే వచ్చామంది. ఆ అలలు జబ్బువి కావు, నిద్రమత్తువి. చిన్న పిల్లల్లో థీటా ఎలాగూ ఎక్కువే, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

ఈఈజీ నిజంగా అక్కరకొచ్చేది ఇంకో చోట. పరధ్యానం పిల్లాడని బడిలో రోజూ తిట్లు తినే ఒక అబ్బాయి చేతికి కాగితపు గాలిమర ఇచ్చి, ఆపకుండా ఊదమన్నాను. రెండు నిమిషాలు బాగానే ఊదాడు. ఉన్నట్టుండి గాలిమర ఆగింది. కళ్లు తెరిచే ఉన్నాయి, పలకలేదు. కాగితం మీద సెకనుకు మూడు చొప్పున ఎత్తయిన ముళ్లు, వరసగా. పది సెకన్లకి ఏమీ జరగనట్టే మళ్లీ ఊదడం మొదలుపెట్టాడు. అది శ్రద్ధ లేకపోవడం కాదు, ఒక రకం మూర్ఛ. మందు వేరు, దారి వేరు. బాబు మాట మధ్యలో అలా ఆగిపోతుంటే డాక్టరుకు మొదట అదే చెప్పు.

అలాంటిదేమీ లేకపోతే నోటుబుక్కు తెరువు. ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగిందో రాయి. ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా ఉందా, ఆరు నెలలుగా ఉందా, పన్నెండేళ్ల లోపే మొదలైందా, ఇవే డాక్టరు అడుగుతారు. టీచరు చేత కూడా రాయించు. చూపు, వినికిడి, నిద్ర కూడా చూపించు. గురక పెట్టి సరిగా నిద్రపోని పిల్లాడూ పగలు ఇలాగే ఉంటాడు.

ఆ తర్వాత కూడా డాక్టరు ఈఈజీ రాస్తే ఒకటే అడుగు: "ఫలితం ఎటు వచ్చినా మీరు చేయబోయేది మారుతుందా?" మారదంటే ఆ డబ్బు బాబు చదువుకు ఉంచుకో. మారుతుందంటే నిశ్చింతగా చేయించు. ముందు రోజు తలస్నానం చేయించు, నూనె మాత్రం రాయకు. ఎన్ని గంటలు పడుకోవాలో అక్కడే అడుగు, ఒక్కో పరీక్షకి ఒక్కోలా చెబుతారు. వాడుతున్న మందులేవీ నీ అంతట నువ్వు ఆపకు. తలకు పేస్టు చల్లగా తగులుతుందనీ, రెప్ప కొట్టినా గీత ఎగిరిపడుతుందనీ బాబుకి ముందే చెప్పు. చెప్పిన పిల్లలు కదలకుండా కూర్చుంటారు, అది నేను ప్రతి రోజూ చూశాను.

నోటుబుక్కు ఇవాళే మొదలుపెట్టు. రెండు వారాలయ్యాక ఫోన్ చేసి నాకు చదివి వినిపించు.

మీ పెద్దమ్మ