1800ల తొలినాళ్లలో కట్టిన బ్రిటిష్ వర్తక ఓడలు జీవితాంతం సరుకులే మోసేవా?

అన్నీ అలా కాదండి. అడిలైడ్‌లో ఉంటాను కాబట్టి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన బఫెలో అనే ఓడ సంగతి చెప్తాను.

1813లో కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ అవతలి ఒడ్డున సల్కియాలో టేకుతో కట్టారు దీన్ని. పెట్టిన పేరు హిందూస్తాన్. సరుకుల ఓడే. (మన కోరంగిలోనూ ఆ రోజుల్లో ఓడలు కట్టేవారు.) అదే ఏడాది బ్రిటిష్ నావికాదళం కొనేసి బఫెలో అని పేరు మార్చింది. యుద్ధానికి కాదు, సామాను, కలప మోయించడానికి. గట్టి చెక్క, పెద్ద కడుపు. ఇక ఏ పని పడినా దాన్నే పంపేవారు.

1833లో ఇంగ్లండ్ నుంచి శిక్షపడిన ఆడవాళ్లను సిడ్నీకి తెచ్చింది. అక్కడ దింపి ఊరికే తిరిగి వెళ్లలేదు, న్యూజిలాండ్‌లో కౌరీ అనే పెద్ద చెట్ల దుంగలు ఎక్కించుకుంది. తెరచాప స్తంభాలకు అంత నిటారైన కలప నావికాదళానికి బాగా అవసరం. వచ్చేటప్పుడు మనుషులు, పోయేటప్పుడు మానులు!

1836 డిసెంబర్ 28న సౌత్ ఆస్ట్రేలియా తొలి గవర్నర్ హైండ్‌మార్ష్‌ను, వలస కుటుంబాలను మా గ్లెనెల్గ్ తీరానికి చేర్చింది. ఏటా అదే తేదీన ఇక్కడ పాత యూకలిప్టస్ చెట్టు దగ్గర సభ జరుగుతుంది. నేను వచ్చిన కొత్తలో ఆ ఓడ నమూనాలో ఒక రెస్టారెంట్ కూడా నడిచేది, తర్వాత కూల్చేశారు. ఇక్కడ ఎవరిని అడిగినా ఈ ఒక్క ప్రయాణమే చెప్తారు.

మిగతా కథ నాకు సిడ్నీ వెళ్లాకే తెలిసింది. అక్కడి కాంకర్డ్ అనే పేటలో నీళ్ల ఒడ్డున ఓ పార్కులో స్మారకం ఉంది. కెనడాలో 1838లో బ్రిటిష్ పాలనపై తిరగబడి పట్టుబడిన 58 మంది ఫ్రెంచి కెనడియన్లను 1840లో ఇదే ఓడ అక్కడికి తెచ్చింది. దారిలో టాస్మేనియాలోని హోబార్ట్‌లో దించిన ఖైదీల్లో, కెనడా తిరుగుబాటులో చేరి పట్టుబడిన అమెరికన్లే ఎక్కువ. కాంకర్డ్ దగ్గరి కెనడా బే అనే పేరు ఈ ఖైదీల వల్లే వచ్చింది. నాలుగేళ్ల కిందట స్వేచ్ఛగా వలసవచ్చిన కుటుంబాలను మోసిన ఓడలోనే వీళ్లను బంధించి తెచ్చారన్నది నాకు మింగుడు పడలేదు.

అదే ఏడాది సైనికులను న్యూజిలాండ్‌లో దింపి, మళ్లీ కౌరీ కోసం మెర్క్యురీ బే వెళ్లింది. జూలై 28న తుపానుకు లంగర్లు నిలవలేదు. మనుషులనైనా కాపాడుకుందామని కెప్టెన్ జేమ్స్ వుడ్ ఓడను ఇసుక తీరానికి ఎక్కించేశాడు. ఇద్దరు పోయారు, మిగతావాళ్లు బతికారు. విటియాంగా ఊళ్లో ఆ తీరం పేరు ఇప్పటికీ బఫెలో బీచే.

మీరు పాత రికార్డులు వెతికే ఉద్దేశంలో ఉంటే ఒక జాగ్రత్త: 1813 తర్వాత దీని కోసం నావికాదళం కాగితాలు చూడాలి. పైగా అంతకు ముందే సిడ్నీకి తిరిగిన ఇంకో బఫెలో కూడా ఉంది. హిందూస్తాన్ పేరుతోనైతే చాలా ఓడలు తగులుతాయి. పేరు ఒక్కటే చూడకండి, కట్టిన ఏడాదీ ఊరూ సరిపోల్చుకోండి.