విగ్గు ఈ వారమే చూసుకో

అమ్మలూ,

వచ్చే వారం కీమో మొదలని మీ నాన్న చెప్పాడు. ఆ దారిలో నడిచినదాన్ని కాబట్టి జుట్టు సంగతి నేను చెబుతాను.

అన్ని కీమో మందులకూ జుట్టు ఊడదు. నీకిచ్చే మందు సంగతి డాక్టర్‌ని అడుగు. ఊడేదైతే మామూలుగా మొదటి డోసు పడిన రెండు మూడు వారాలకు మొదలవుతుంది. అందుకే విగ్గు ఇప్పుడే చూసుకో. నీ జుట్టు రంగు, ఒత్తు, పాపిట షాపువాళ్లు కళ్లతో చూసి ఇస్తే ఇట్టే కలిసిపోతుంది. ఊడాక తల కొలత కాస్త తగ్గుతుంది, లోపల బిగించుకునే పట్టీలు ఉన్నదే తీసుకో.

పొడుగు జడ ఉన్నదాని మీదకే నీ మనసు పోతుందని తెలుసు. వద్దమ్మా. మన ఎండల్లో ఆ బరువు మోయలేవు, మెడ దగ్గర చిక్కులు పడతాయి. భుజాల దాకా చాలు. అసలు జుట్టుది అందమే, కానీ ఉతికిన ప్రతిసారీ ఆరబెట్టి సెట్ చేయాలి. కీమో రోజుల్లో అంత ఓపిక ఎక్కడిది? సింథటిక్‌ది ఆరేస్తే దాని షేపుకి అదే వచ్చేస్తుంది. ఒక్కటే, దానికి వేడి పడదు. కుక్కర్ ఆవిరి, ఓవెన్ సెగ తగిలినా పోగులు ముడుచుకుపోతాయి. వంటింట్లోకి, దీపం దగ్గరికి వెళ్లేటప్పుడు తీసేసి మెత్తటి కాటన్ స్కార్ఫ్ కట్టుకో.

అసలు జుట్టుదే నచ్చితే అదే కొనుక్కో. ఎవరి జుట్టో అని మీ అమ్మ సంకోచిస్తోందట. తిరుమలలో భక్తులిచ్చే తలనీలాలను టీటీడీ వేలం వేస్తుంది, అవి విదేశాల దాకా వెళ్లి విగ్గులవుతాయి. స్వామికి మొక్కుగా ఇచ్చిన జుట్టులో మైల ఏముంటుందని నా మాటగా చెప్పు.

పాపిటలో కుంకుమ పెట్టావంటే విగ్గు నెట్‌కు మరక పట్టేస్తుంది. నుదుటన స్టిక్కర్ పెట్టుకో. తలకు జిగురుతో అతికించే విగ్గులు ఇప్పుడు వద్దు, చర్మం సున్నితమైపోతుంది. లోపల పల్చటి కాటన్ టోపీ ఉంటే దురద తగ్గుతుంది. ఇంట్లో ఉక్కపోస్తే ఎవరున్నా సరే, తీసి పక్కన పెట్టు.

శనివారం పొద్దున్నే వస్తాను, షాపుకి కలిసి వెళ్దాం. చెవుల దగ్గర, నుదుటి మీద ట్రిమ్ చేయాలంటే విగ్గు నీ తల మీద పెట్టాకే చేయించుదాం.

మీ అత్త