గరమ్ జల్ కాదు, గొరొమ్ జొల్

ప్రశ్న: తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర మాది చిన్న డీటీపీ సెంటర్. బెంగాల్ యాత్రికుల కోసం ఒక లాడ్జి వాళ్లు బెంగాలీ బోర్డులు అడిగారు. అను స్క్రిప్టులో తెలుగు బాగా కొడతాను. బెంగాలీ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే బెంగాలీ పడేలా ఎలా పెట్టుకోవాలి?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, విండోస్ 11లో అయితే బయటి నుంచి ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర బంగ్లా ఇండియా చేర్చి, దాని ఆప్షన్లలో ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిష్ అక్షరాల ఉచ్చారణతో కొట్టేది) పెట్టుకోండి. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

నేను మాత్రం అవ్రో అనే బెంగాలీ టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాను. దాన్ని బంగ్లాదేశ్‌లో మెహదీ హసన్ ఖాన్ అనే మెడిసిన్ విద్యార్థి 2003లో విడుదల చేశాడు. చదువుకుంటూనే అంత పని చేసి, అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ అబ్బాయంటే నాకు చాలా గౌరవం. ఎఫ్12 నొక్కితే బెంగాలీ, మళ్లీ నొక్కితే ఇంగ్లిష్.

ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని. కష్టమంతా మన తెలుగు వేళ్లతోనే. చిత్తూరులో నేను డీటీపీ చేసే రోజుల్లో, వేలూరుకు వైద్యానికి వెళ్లే బెంగాలీ కుటుంబాల కోసం 'వేడినీళ్లు' అని బోర్డు కొట్టాను. మనకు అలవాటైనట్టు 'ఏ' కీ వాడి గరమ్ జల్ అని కొడితే 'గారామ్ జాల్' అని పడింది. బెంగాలీలో జాల్ అంటే వల! అవ్రోలో 'ఏ' ఎప్పుడూ దీర్ఘమే. హల్లులో దాగి ఉండే 'అ' కావాలంటే ఇంగ్లిష్ 'ఓ' కీ కొట్టాలి. వాళ్లు పలికేదీ అలాగే: గొరొమ్ జొల్. తిరుపతికి కూడా టి, ఐ, ఆర్, యు, పి, ఓ, టి, ఐ. పి తర్వాత 'ఏ' కొట్టారంటే తిరుపాతి అయిపోతుంది.

చిన్న టి త, పెద్ద టి ట. ఇది ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే మన ఆర్‌టీఎస్ పద్ధతి లాగే. 'వి' కొడితే భ పడుతుంది, టెన్షన్ పడకండి. బెంగాలీలో మన 'వ'కు వేరే అక్షరం లేదు, వేంకటేశ్వరుడి పేరు వాళ్లు భ తోనో బ తోనో మొదలుపెడతారు.

ఇంకోటి, పేజీలు తయారుచేసే పాత పేజ్‌మేకర్‌లో ఇది పనిచేయదు, అన్ని భాషల అక్షరాలకూ వాడే యూనికోడ్ పద్ధతి దానికి తెలియదు. వర్డ్‌లో నిర్మలా యూఐ ఫాంటుతో కొట్టి, పీడీఎఫ్ చేసి ఫ్లెక్స్ వాళ్లకు ఇవ్వండి. ఇచ్చే ముందు ఒక ప్రింటు తీసుకెళ్లి, లాడ్జిలో దిగిన బెంగాలీ వాళ్లెవరి చేతనైనా పైకి చదివించండి. స్వామి పేరున్న బోర్డయితే ఇద్దరి చేత చదివించండమ్మా.